రైలు వదిలేసిన దారిలో

ఫ్రాన్స్ పల్లెల్లో సైకిలు మీద తిరిగేవాళ్లకు రోజు మొత్తంలో మంచి సమయం మిట్టమధ్యాహ్నం. పన్నెండు కాగానే చర్చి గంటలు మోగుతాయి. బేకరీ తలుపు మూసుకుంటుంది. పోస్టాఫీసు మూసుకుంటుంది. పొలంలో ట్రాక్టరు ఆగిపోతుంది. మళ్లీ రెండయ్యేదాకా ఊరంతా భోజనాల దగ్గరే ఉంటుంది. ఆ రెండు గంటల్లో చిన్న రోడ్ల మీద కారు కనబడటం అరుదు. ఈ సంగతి తెలిశాక నేను భోజనం వేళ మార్చుకున్నాను. పదకొండున్నరకల్లా రొట్టె, కాస్త చీజ్, రెండు టమాటాలు కొని సంచీలో వేసుకుంటాను. ఊరు తినే వేళకి నేను రోడ్డు మీద ఉంటాను. ఊరు మళ్లీ బయటికొచ్చే వేళకి ఏ చెట్టు కిందో కూర్చుని తింటాను. మే నెలలోనో సెప్టెంబరులోనో అయితే అక్కడి మధ్యాహ్నపు ఎండ ఒంటికి హాయిగానే ఉంటుంది.

మా అమ్మాయి లియోన్‌లో ఉంటుంది. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా అక్కణ్ణుంచి లోకల్ రైల్లో సైకిలు ఎక్కించుకుని బయల్దేరడం నాకు అలవాటైపోయింది. అక్కడి ప్రాంతీయ రైళ్లలో చాలావాటికి సైకిలుకి వేరే టికెట్టు ఉండదు. పెట్టెలో కొక్కేలుంటాయి, ముందు చక్రం తగిలించి నిలబెట్టడమే. గంటన్నరలో ద్రాక్షతోటల మధ్య దిగొచ్చు. ఆ దేశం గురించి నాకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం సీటు మీద కూర్చుని, గంటకి పదిహేను కిలోమీటర్ల వేగంతో నేర్చుకున్నదే.

బండ్లు లేని దారిలో తొక్కడమంటే అందరూ కళ్ల పండగ అనుకుంటారు. నిజానికి అక్కడ ఎక్కువ పని చెవులది. తారు మీద టైరు చప్పుడు ఒకటి, ఇసుకా సన్నకంకరా కలిపి దిమ్మిస కొట్టిన దారి మీద చప్పుడు ఇంకొకటి. తారు మీద సన్నగా, తెగకుండా సాగే మోత ఉంటుంది. కంకర మీద చిటపట ఉంటుంది, దారి తడిగా ఉంటే అదీ ఉండదు. టైర్లో గాలి కాస్త ఎక్కువైతే కంకర రాళ్లు పక్కకి చిమ్మే చప్పుడు వినబడుతుంది. అప్పుడు ఆగి కొంచెం గాలి తీసేస్తాను. గొలుసు ఎండిపోతోందన్న సంగతి కాళ్లకంటే చెవికి ముందు తెలుస్తుంది. పల్లంలో తొక్కడం ఆపితే వెనక చక్రంలో టిక్కుటిక్కుమనే శబ్దం, దాని పైన ఎక్కడో గోధుమచేల మీద భరతపక్షి పాట. ఇవన్నీ పేరుపేరునా విడివిడిగా వినబడటం మొదలయ్యాక, వెనక అర కిలోమీటరు దూరంలో కారు వస్తున్నా ముందే తెలిసిపోతుంది. తిరిగి చూడక్కర్లేదు. పక్కకి జరిగి దారిస్తాం. ఊరి బయట సైకిలుని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉంచాలని అక్కడి చట్టం. పల్లెల్లో డ్రైవర్లు చాలామంది అవతలి పక్కకి పూర్తిగా జరిగిపోతారు.

సైకిలు తొక్కేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడాన్ని ఫ్రాన్స్ 2015 జులై 1 నుంచి నిషేధించింది. అది ప్రమాదాలు తగ్గించడానికి తెచ్చిన నిబంధన. కానీ ఆ దారుల్లో తిరిగేవాళ్లకి అంతకు మించిన మేలు చేసిందని నా నమ్మకం. పాటలు వింటూ ఆ పల్లెల గుండా పోవడమంటే విందుకి పిలిస్తే ఇంట్లోనే తినేసి వెళ్లడమే.

బర్గండీలో షాలోన్-సుర్-సోన్ దాటాక జివ్రీ అనే ఊరు వస్తుంది. వైన్‌కి పేరున్న ఊరు. అక్కడి నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలుమార్గాన్ని 1997లో సైకిళ్లకీ నడిచేవాళ్లకీ తెరిచారు. ఫ్రాన్స్‌లో ఈ తరహా దారుల్లో మొదటిది ఇదే. వ్వా వెర్ట్, అంటే పచ్చదారి అంటారు. 2004లో ఈ పేరు ట్రాఫిక్ చట్టంలోకి ఎక్కింది. మోటారు లేని బండ్లకీ, పాదచారులకీ, గుర్రపు రౌతులకీ మాత్రమే కేటాయించిన దారి అని నిర్వచనం. గుర్రాన్ని కూడా గుర్తుపెట్టుకున్న ఆ చట్టమంటే నాకు గౌరవం.

రైలు వదిలేసిన దారి సైకిలుకి ఎందుకంత బాగా నప్పుతుందో తొక్కితే తప్ప ఒంటికి అర్థం కాదు. రైలు చక్రం ఇనుము, పట్టా ఇనుము, ఈ రెంటి మధ్యా పట్టు తక్కువ. ఎత్తు ఎక్కువైతే చక్రం జారుతుంది. అందుకని ఆనాటి ఇంజనీర్లు వంద మీటర్లకి ఒకటి రెండు మీటర్లకు మించి దారి లేవకుండా జాగ్రత్తపడ్డారు. గుట్ట అడ్డొస్తే కోశారు, పల్లం వస్తే కట్ట పోశారు, మలుపులన్నీ నిదానంగా తిప్పారు. బొగ్గింజను ఆయాసపడకూడదని పడ్డ పాట్లన్నీ నూరేళ్ల తర్వాత మన మోకాళ్లకి కలిసొచ్చాయి. ఈ దారిలో మనం ఎత్తు ఎక్కుతున్నామని కంటికి తెలియదు. పదినిమిషాలు పోయాక ఒక గేరు తగ్గించాలనిపిస్తుంది, అంతే. రెండు పక్కలా గోధుమచేలు, ద్రాక్షతోటలు, పచ్చికలో తెల్లటి షారొలే ఆవులు. బుసీ, సాన్ జాంగూ, కోర్మతాన్, తెజే అని ఒకదాని తర్వాత ఒకటి ఊళ్లొస్తాయి. పాత స్టేషన్లు చాలావరకు నిలిచే ఉన్నాయి. కొన్నిట్లో కుటుంబాలు కాపురముంటున్నాయి, కొన్నిచోట్ల కాఫీ దొరుకుతుంది, సైకిళ్లు అద్దెకిస్తారు. ప్లాట్‌ఫారం అంచు రాళ్లు మాత్రం గడ్డిలో అలాగే ఉంటాయి. పెడల్ తగలకుండా కాస్త ఎడంగా పోవాలి.

క్లూనీలో 910లో స్థాపించిన మఠం ఉండేది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ ఇప్పటి రూపంలో లేచేదాకా క్రైస్తవ లోకంలో ఆ మఠం చర్చి కంటే పెద్దది లేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని పడగొట్టి రాళ్లు అమ్మేశారు. ఒక్క భుజం మాత్రం మిగిలింది. ఊరి అవతల పారిస్-లియోన్ టీజీవీ రైలు దూసుకుపోతుంది. ఇటు వదిలేసిన పాత లైనులో మేము, అటు ఆ రైలు. రెండూ ఒకే దేశం తీసుకున్న నిర్ణయాలే అని అక్కడ నిలబడితే తెలుస్తుంది. పెద్ద ఊరిని పెద్ద ఊరితో వేగంగా కలపాలని ఒక నిర్ణయం, చిన్న ఊళ్లని కలిపే రైలు అక్కర్లేదని ఇంకొకటి.

ఆ దారి ఇప్పుడు క్లూనీ దాటి మాకోన్ వైపు కూడా పోతుంది. మధ్యలో బ్వా క్లేర్ సొరంగం వస్తుంది. ఒక కిలోమీటరు ఆరువందల మీటర్ల పొడవు. బయట ఎండ మండుతున్నా లోపలికి అడుగుపెట్టగానే చల్లదనం మెడ మీద తగులుతుంది. అందరూ గొంతు తగ్గించేస్తారు. చలికాలంలో ఈ సొరంగం మూసేస్తారు, లోపల గబ్బిలాలు శీతనిద్రలో ఉంటాయి కాబట్టి. ఆ నెలల్లో సైకిళ్లు కొండ మీది రోడ్డెక్కి దిగాలి. రైలు తప్పించిన ఎత్తంతా అప్పుడు మన కాళ్లే ఎక్కాలి. నాకు ఈ ఏర్పాటు మీద ఏ ఫిర్యాదూ లేదు. దారి అందరిదీ అన్నప్పుడు ఆ అందరిలో గబ్బిలాలు కూడా ఉండాలి.

ఇన్ని చిన్న లైన్లు అసలెందుకు వేశారన్నది తెలుసుకోవలసిన సంగతి. 1870ల చివర షార్ల్ ద ఫ్రేసినే అనే ఇంజనీరు ప్రజాపనుల మంత్రి అయ్యాడు. ప్రతి సబ్-ప్రిఫెక్చర్ పట్టణానికీ, అంటే మన లెక్కలో ప్రతి రెవెన్యూ డివిజన్ కేంద్రానికీ రైలు చేరాలని పథకం వేశాడు. కాలవలకు కూడా కొలత కట్టాడు. ప్రధాన జలమార్గాల మీద లాకులన్నీ కనీసం 39 మీటర్ల పొడవు, 5.2 మీటర్ల వెడల్పు ఉండాలని 1879లో చట్టం చేయించాడు. తర్వాత లారీలూ బస్సులూ కార్లూ వచ్చి ఆ చిన్న రైళ్లని మింగేశాయి. ఆ కొలతకి పెంచని కాలవల్లో సరుకు పడవలు ముందే తగ్గిపోయాయి. ఈరోజు ఫ్రాన్స్‌లో హాయిగా సైకిలు తొక్కుకునే దారుల్లో చాలావాటికి ఆ మంత్రి హయాంతో ఏదో ఒక చుట్టరికం ఉంది.

కాలవ గట్లు నాకు కొత్త కాదు. గోదావరి కాలవల పక్కన పెరిగాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవల మీద సరుకులూ జనమూ పడవల్లోనే తిరిగేవారు. గాలి లేనప్పుడు మనుషులు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవని లాగేవారు. ఫ్రాన్స్‌లో గుర్రాలు లాగేవి, అవి లేనిచోట మనుషులే. ఓసేర్ నుంచి దక్షిణంగా పోయే నివెర్నే కాలవ పొడవు 174 కిలోమీటర్లు. మోర్వాన్ అడవుల్లోంచి పారిస్‌కి వంటచెరకు పంపడానికని 18వ శతాబ్దం చివర మొదలుపెట్టారు. సార్డీ దగ్గర మెట్లు మెట్లుగా పదహారు లాకులుంటాయి. ఒక్కో లాకు దగ్గరా సైకిలు ఒక చిన్న మెట్టంత ఎత్తు ఎక్కి మళ్లీ చదునుగా సాగుతుంది. పడవ లాకులో దూరేవరకు ఆగి చూడటం నాకిష్టం. తలుపులు మూసుకుంటాయి, నీళ్లు సుడులు తిరుగుతూ లేస్తాయి, పాచిపట్టిన గోడ మెల్లగా మునిగిపోతుంది. పడవ మీదివాళ్లు మన ఎత్తుకి వచ్చాక మాటలు మొదలవుతాయి. ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, వాన పడుతుందా. ఒక్కోసారి అదే పడవ, అదే మనుషులు రోజంతా ప్రతి లాకు దగ్గరా కలుస్తారు. నడక వేగంతో పోయే పడవా, లాకుకోసారి ఆగే సైకిలూ సాయంత్రానికి ఒకే ఊరు చేరతాయి.

మా కోనసీమ గట్ల మీద ఆ ప్రశాంతత దొరకదు. కొబ్బరికాయల ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు, బడికి పోయే పిల్లలు, గేదెలు, అన్నీ ఆ గట్టు మీదే. అక్కడ గట్టు ఇంకా పనిలో ఉంది. నివెర్నే గట్టుకి ఆ పని పోయింది కాబట్టి సైకిలుకి చోటు దొరికింది. ఈ తేడా మనసులో పెట్టుకోకుండా ఫ్రాన్స్ పల్లెల ప్రశాంతతని పొగిడితే సగమే చెప్పినట్టవుతుంది.

సైకిలు మీద ఊరికే తిరగడాన్ని ఒక విద్యగా నేర్పిన మనిషి కూడా ఫ్రాన్స్‌లోనే ఉన్నాడు. పాల్ ద వివీ, 1853లో పుట్టాడు. సాంత్ ఎతియెన్‌లో పట్టు వ్యాపారి. 1887లో సైకిళ్ల పత్రిక పెట్టి, వెలోసియో అన్న పేరుతో రాసేవాడు. గేర్లు మార్చుకునే సైకిలు కోసం జీవితమంతా వాదించాడు. పందాలు నడిపేవాళ్లు గేర్లని చిన్నచూపు చూశారు. టూర్ ద ఫ్రాన్స్‌లో డిరైలర్ గేర్లని అనుమతించేసరికి 1937 వచ్చింది. ఆయన 1930లోనే పోయాడు, సాంత్ ఎతియెన్‌లో ట్రాము తగిలి. ఆయన చెప్పిన నియమాల్లో ఆకలి వేయకముందే తినమని ఒకటుంది, దాహం వేయకముందే తాగమని ఒకటుంది, గొప్ప కోసం తొక్కవద్దని ఒకటుంది. ఈ చివరిదాన్ని పాటించడం అన్నిటికంటే కష్టం. ముందు పోతున్నవాడి వీపు కనబడితే చాలు, కాళ్లు వాటంతటవే తొందరపడతాయి. ఆయన పోయిన ఆరేళ్లకి, 1936లో, ఫ్రాన్స్ కార్మికులకి ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు చట్టబద్ధమైంది. ఆ వేసవిలో ఎందరో యువ దంపతులు ఇద్దరు తొక్కే టాండెం సైకిళ్ల మీద పట్నాలు వదిలి పల్లెబాట పట్టారు. సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్లు వాళ్లలో చాలామంది. ఈ తిరుగుడు తీరికున్న ధనవంతుల సరదాగా మిగిలిపోకపోవడానికి ఆ చట్టం పెద్ద కారణం.

హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారకముందే లైట్లు పెట్టుకుని బయల్దేరే సైకిలు బృందాలకు ఫ్రాన్స్ ఇంకో రకంగా తెలుసు. వాళ్లు తొక్కే బ్రెవే అక్కడి నుంచి వచ్చిందే. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో 1200 కిలోమీటర్లకి 90 గంటలిస్తారు. మన నగరం నుంచీ వెళ్లి తొక్కినవాళ్లున్నారు. వాళ్ల ఓర్పు ముందు తలవంచుతాను. అదే నగరంలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. పిల్లలు భయం లేకుండా తొక్కుతున్నారు, ఎంతో సంతోషం. పక్కనే లారీల హోరు మాత్రం పోదు. బండి తగలని దారి వేరు, బండి వినబడని దారి వేరు. నేను వెతుక్కుంటూ పోయేది రెండోదాన్ని.

పచ్చదారుల్లోనే తిరగాలని లేదు. నాకిప్పుడు అంతకంటే ఇష్టమైనవి మ్యాపులో తెల్లగా గీసిన రోడ్లు. మిషెలిన్ మ్యాపులో పెద్ద రోడ్లు ఎర్రగా, వాటి కంటే చిన్నవి పసుపుగా, అన్నిటికంటే చిన్నవి తెల్లగా ఉంటాయి. ఊరికీ ఊరికీ మధ్య, పొలానికీ పాడి కొట్టానికీ మధ్య, కారుకి సరిపోయేంత వెడల్పుతో పోయే తారు రోడ్లు. రాత్రి బల్ల మీద మ్యాపు పరిచి, ఎర్ర గీతల్ని వీలైనంత తక్కువసార్లు దాటేలా తెల్ల గీతల్ని ఒకదానికొకటి కలుపుకుంటూ పోవడం ఈ విద్యలో సగం. నదికి దగ్గరగా పోయే తెల్లగీత చదునుగా ఉంటుంది. నదిని అడ్డంగా దాటే గీత దిగి ఎక్కుతుంది. పెద్ద రోడ్డుకి సమాంతరంగా పోయేదాన్ని నమ్మకూడదు, ఆ ఊరివాళ్లు అడ్డదారిగా వాడుతుంటారు. ఎక్కడికీ తిన్నగా పోనిదే మన దారి. ఫోను ఇచ్చే దారి వేళ్లకి శ్రమ లేకుండా గమ్యానికి చేరుస్తుంది. మ్యాపు మీద వేలితో తిరిగిన ఊరు మాత్రం మర్నాడు చేరేసరికి సగం పరిచయమై ఉంటుంది.

అలాంటి ఊళ్లలో నీళ్లకి శ్మశానానికి వెళ్లాలి. మనవాళ్లకి వింతగా ఉండొచ్చు కానీ అక్కడ సైకిలు యాత్రికులందరికీ తెలిసిన సంగతే. ఊరి చివర గోడ కట్టిన శ్మశానం ఉంటుంది, ఇనుప గేటు తోస్తే తెరుచుకుంటుంది, లోపల సమాధుల మీద పూలకుండీలకి నీళ్లు పోయడానికి కుళాయి ఉంటుంది. తాగే నీళ్లు కావని రాసి ఉందేమో చూసుకుని సీసా నింపుకోవాలి. నేను నింపుకున్నాక కాసేపు నిలబడి పేర్లు చదువుతాను. చర్చి దగ్గరో ఊరి మధ్యలోనో 1914-18 యుద్ధంలో పోయినవాళ్ల స్మారకశిల కూడా ఉంటుంది. గుప్పెడు ఇళ్ల ఊళ్లో అంతపొడుగు జాబితా. ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ కోల్పోయిన దాదాపు 14 లక్షల సైనికుల్లో పొలాల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. తర్వాత యంత్రాలొచ్చాయి, పట్నాలు పిలిచాయి. బడి మూతపడ్డ ఊళ్లున్నాయి. బేకరీ పోయి, చౌరస్తాలో రొట్టె ఇచ్చే యంత్రం మాత్రం మిగిలిన ఊళ్లున్నాయి. డబ్బులేస్తే బగెట్ పడుతుంది. తెల్లగీత మీద కారు రాకపోవడానికి అదీ ఒక కారణం.

కోర్మతాన్‌కి కొంచెం ఇవతల, దారికి ఆనుకుని ఒక చిన్న ఇల్లుంది. రైలు రోజుల్లో గేటు కాపలావాళ్లకి కట్టిన ఇల్లు. అలాంటివి ఆ దారి పొడవునా కనిపిస్తాయి. ముందు గులాబీలు, పక్కన చిక్కుడు పందిరి. నేను పందిరి చూస్తూ ఆగితే లోపల్నుంచి పెద్దావిడ వచ్చింది. నాకొచ్చిన కాస్త ఫ్రెంచిలోనే మాట కలిపాను. ఆ ఇంట్లోనే పుట్టిందట. "మా అమ్మ గేటు వేసేది, నేను జెండా పట్టుకునేదాన్ని" అంది.

"ఇప్పుడీ సైకిళ్లొచ్చాక బాగుందాండీ?" అని అడిగాను.

"బాగానే ఉంది. పిల్లలు నవ్వుకుంటూ పోతారు, పలకరిస్తారు. మనుషుల మొహాలు కనబడుతున్నాయి." కాసేపాగి, "కానీ చూడండి, మా వారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే మా అబ్బాయి కారేసుకుని రావాలి. వాడేమో దూరాన ఉంటాడు. ఆ రైలే ఉంటే నేనే తీసుకెళ్లేదాన్ని. నన్నడిగితే రైలే కావాలంటాను" అంది.

నేను వాదించలేదు, వాదించడానికేమీ లేదు. ఆవిడ చెప్పిన దాని గురించి తర్వాత చాలా ఆలోచించాను. పట్టాలు తీసేసినా ఆ నేల ముక్కలై ఎవరి పెరట్లోనూ కలిసిపోలేదు. కట్టలు, వంతెనలు, సొరంగం, ఏటా ఎవరో ఒకరు గడ్డి కోసి, గుంతలు పూడ్చి నిలబెడుతున్నారు. సైకిళ్ల పేరు చెప్పి ఆ దారి బతికుంది. ఎప్పుడైనా అక్కడ మళ్లీ చిన్న రైలు వేస్తామంటే నేను ఆవిడ వైపే నిలబడతాను. ఆ రైల్లో సైకిలుకి కొక్కెం ఉంటే చాలు. జివ్రీ నుంచి క్లూనీకి నాకు తెల్లగీతలు బోలెడున్నాయి.